రాసింది చెరగదా? క్రిప్టో నెట్‌వర్క్‌లలో లోపాలు, వాటిపై జరిగిన దాడులు

“బ్లాక్‌చెయిన్‌ని ఎవరూ హ్యాక్ చేయలేరు. ఒకసారి రాసిన లెక్క ఇక చెరగదు.” క్రిప్టోకరెన్సీలో డబ్బు పెట్టమని చెప్పేవారి నోట ముందుగా వచ్చే మాట ఇదే. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన బంధువు చెప్పినా, వాట్సాప్ గ్రూపులో ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పినా మాట మాత్రం మారదు. ఇది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. కొన్ని షరతులు నిలిచినంత కాలమే ఆ లెక్క చెరగకుండా ఉంటుంది. షరతు తప్పితే ఏమవుతుందో 2010 నుంచి చాలాసార్లు బయటపడింది. లోపం ఎక్కడ ఉంటుంది, దాడి ఎలా జరుగుతుంది, చివరికి నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది ఇక్కడ వరుసగా చూద్దాం.

అసలు లెక్క ఎలా నడుస్తుంది?

బ్యాంకులో ఖాతాల లెక్క బ్యాంకు దగ్గరే ఉంటుంది. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్‌లో అలా కాదు. ఒకే లెక్క పుస్తకానికి వేలాది నకళ్లు వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఈ కంప్యూటర్లను నోడ్‌లు అంటారు. ఎవరు ఎవరికి ఎంత పంపారన్న వివరాలను కొన్ని చొప్పున కలిపి ఒక పేజీగా రాస్తారు. ఆ పేజీ పేరే బ్లాక్. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ చేరుతుంది. ప్రతి బ్లాక్‌లో దాని ముందు బ్లాక్ తాలూకు వేలిముద్ర లాంటి గుర్తు ఉంటుంది. పాత పేజీలో ఒక్క అంకె మార్చినా వేలిముద్ర మారిపోతుంది. అప్పుడు తర్వాతి పేజీలన్నీ మళ్లీ రాసుకుంటూ రావాలి.

కొత్త పేజీ రాసే అవకాశం కోసం మైనర్లు అనేవారు యంత్రాలు పెట్టి, కరెంటు ఖర్చు చేసి పోటీ పడతారు. ఎప్పుడైనా రెండు వేర్వేరు గొలుసులు కనిపిస్తే, ఏది ఎక్కువ శ్రమతో తయారైందో దాన్నే అందరూ అసలుదిగా తీసుకుంటారు. నియమం ఇంతే.

ఈ ఏర్పాటు నిలవాలంటే నాలుగు షరతులు ఉండాలి. ఒకటి, ప్రోగ్రాంలో తప్పు ఉండకూడదు. రెండు, లెక్క రాసే బలంలో సగానికి పైగా నిజాయితీపరుల చేతిలో ఉండాలి. మూడు, రద్దీ ఎక్కువైనా నెట్‌వర్క్ తట్టుకోవాలి. నాలుగు, సొమ్ముకు వేసిన తాళంచెవి దొంగ చేతికి పోకూడదు. ఇప్పటిదాకా జరిగిన పెద్ద దాడులు దాదాపు అన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒక దాని కిందికే వస్తాయి.

ప్రోగ్రాంలో తప్పు: 2010, 2018

బిట్‌కాయిన్లు మొత్తం 2.1 కోట్లకు మించకూడదన్నది దాని మూల నియమం. అయితే 2010 ఆగస్టు 15న 74638వ నంబరు బ్లాక్‌లో ఒకే ఒక్క లావాదేవీ 18,446 కోట్లకు పైగా బిట్‌కాయిన్లను పుట్టించింది. ఆ సొమ్ము రెండు చిరునామాలకు చెరి సగం వెళ్లింది.

ఎలా సాధ్యమైందంటే, కంప్యూటర్ ఒక అంకెను దాచుకునే చోటుకు ఒక హద్దు ఉంటుంది. పాత స్కూటర్ మీటరు 99999 దాటగానే సున్నాకు తిరిగినట్టు, ఆ హద్దు దాటితే కూడిక తారుమారవుతుంది. దాడి చేసిన వ్యక్తి రెండు భారీ అంకెలు ఇచ్చాడు. వాటి మొత్తం హద్దు దాటి సున్నా కంటే తక్కువగా కనిపించింది. “ఉన్నదానికన్నా ఎక్కువ పంపుతున్నాడా?” అని చూసే తనిఖీ మోసపోయింది.

కొన్ని గంటల్లోనే సరిచేసిన ప్రోగ్రాం విడుదలైంది. నెట్‌వర్క్‌లో ఉన్నవారు ఆ తప్పుడు బ్లాక్‌ను పక్కన పెట్టి, దాని ముందు బ్లాక్ నుంచి మళ్లీ రాసుకుంటూ వచ్చారు. కొత్త గొలుసు పాతదాన్ని దాటాక ఆ 18 వేల కోట్ల నాణేలు లేనట్టే అయిపోయాయి. అప్పట్లో ఒక బిట్‌కాయిన్ ధర పది సెంట్లు కూడా లేదు, వాడేవారూ కొద్దిమందే. అందుకే పని సులువుగా జరిగింది. ఒకటి మాత్రం గమనించాలి: ఇక్కడ రాసింది చెరిగింది. మంచికోసమే చెరిపారు, కానీ చెరిపారు.

ఇలాంటిదే 2018 సెప్టెంబర్‌లో మరోసారి బయటపడింది. వేగం కోసం ఒక తనిఖీని తీసేయడంతో, ఒకే లావాదేవీలో ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేసే వీలు ఏర్పడింది. 2017 నుంచి వచ్చిన వెర్షన్లలో ఈ లోపం ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. బిట్‌కాయిన్‌కు పోటీగా నిలిచిన బిట్‌కాయిన్ క్యాష్ వైపు పనిచేసే ఒక డెవలపర్ దాన్ని గుర్తించి, చాటుగా కబురు పంపాడు. లోపంలోని ప్రమాదకరమైన భాగాన్ని వెంటనే బయటపెట్టలేదు. ముందు నోడ్‌లు కూలిపోయే ప్రమాదం ఉందని మాత్రమే చెప్పి, సరిచేసిన వెర్షన్ కొంత వ్యాపించాక మిగతాది ప్రకటించారు. బిట్‌కాయిన్ మీద దాన్ని ఎవరూ వాడుకోలేదు. ఆనాడు కాపాడింది గణితం కాదు, ఒక మనిషి నిజాయితీ.

కాంట్రాక్టులో కన్నం: డావో, 2016

ఇథీరియం అనే నెట్‌వర్క్‌లో డబ్బు పంపడమే కాదు, షరతులతో కూడిన ఒప్పందాన్ని ప్రోగ్రాంగా రాసి పెట్టవచ్చు. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. 2016లో ‘ది డావో’ పేరుతో అలాంటి ఉమ్మడి నిధి ఒకటి మొదలైంది. వేలాది మంది కలిసి దాదాపు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ నాణేలు అందులో వేశారు.

2016 జూన్ 17న ఒక వ్యక్తి దాని నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ లాగేశాడు. కిటుకు చిన్నదే. బ్యాంకు క్లర్కు ముందు నోట్లు చేతికిచ్చి, ఆ తర్వాత పాస్‌బుక్‌లో రాస్తాడనుకుందాం. రాసేలోపే మళ్లీ చెయ్యి చాస్తే పుస్తకంలో పాత నిల్వే కనిపిస్తుంది, మళ్లీ ఇస్తాడు. డావో ప్రోగ్రాం సరిగ్గా అలాగే రాశారు: ముందు చెల్లింపు, తర్వాత లెక్క. ఇథీరియం నెట్‌వర్క్‌లో తప్పేమీ లేదు. దాని మీద కట్టిన ఇంటికి కన్నం ఉంది.

అప్పుడు ఇథీరియం వర్గంలో పెద్ద తకరారు నడిచింది. దొంగతనాన్ని రద్దు చేసేలా లెక్క మార్చాలని ఎక్కువమంది అన్నారు. మార్చకూడదు, రాసింది రాసినట్టే ఉండాలని కొందరు పట్టుబట్టారు. 2016 జూలై 20న మెజారిటీ మాట నెగ్గి, పోయిన ఈథర్‌ను సొంతదారులు వెనక్కి తీసుకునేలా నియమాలు మార్చారు. ఒప్పుకోనివారు పాత గొలుసునే కొనసాగించారు. దాని పేరు ఇథీరియం క్లాసిక్. “రాసింది చెరగకూడదు” అన్న సిద్ధాంతం మీద నిలబడ్డ నెట్‌వర్క్ అది. నాలుగేళ్ల తర్వాత దానికే ఏం జరిగిందో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది.

51 శాతం దాడి: ఇథీరియం క్లాసిక్, 2020

లెక్క రాసే బలంలో సగానికి మించి ఒకరి చేతికి వస్తే, అతను మిగతా అందరికన్నా వేగంగా తన సొంత గొలుసు రాయగలడు. దీన్నే 51 శాతం దాడి అంటారు. అది జరిగే తీరు ఇలా ఉంటుంది.

మొదట దాడిదారు తన నాణేలను ఒక ఎక్స్ఛేంజ్‌కి పంపుతాడు. అది అందరికీ కనిపించే గొలుసులో నమోదవుతుంది. అదే సమయంలో అతను చాటుగా ఇంకో గొలుసు రాస్తుంటాడు. అందులో ఆ నాణేలు ఎక్స్ఛేంజ్‌కి వెళ్లినట్టు ఉండదు, అతని సొంత చిరునామాకే వెళ్లినట్టు ఉంటుంది. ఎక్స్ఛేంజ్ కొన్ని బ్లాకులు ఆగి, సొమ్ము చేరిందని నమ్మి, వేరే నాణేలుగా మార్చి ఇచ్చేస్తుంది. అతను అవి పట్టుకుని బయటపడ్డాక, దాచిన గొలుసును ఒక్కసారిగా బయటపెడతాడు. అది పొడవుగా ఉంది కాబట్టి నియమం ప్రకారం నోడ్‌లన్నీ దాన్నే అంగీకరిస్తాయి. ఎక్స్ఛేంజ్‌కి వచ్చిన సొమ్ము లెక్కలోంచి మాయమవుతుంది. ఒకే నాణెం రెండుసార్లు ఖర్చయిందన్నమాట.

2019 జనవరిలో ఇథీరియం క్లాసిక్ మీద ఇలాంటి దాడి జరిగింది. దాన్ని గుర్తించిన కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజ్, సుమారు 11 లక్షల డాలర్ల మేర ఇలా రెండుసార్లు ఖర్చయిందని ప్రకటించింది. ఆ తర్వాత 2020 ఆగస్టు నెలలో వెంట వెంటనే మూడు దాడులు జరిగాయి. మొదటిదాంట్లో 3,693 బ్లాకులు తిరగరాశారు. ఎవరో మైనర్‌కు ఇంటర్నెట్ పోయి మళ్లీ వచ్చి ఉంటుందని మొదట్లో అనుకున్నారు. విశ్లేషణ సంస్థ బిట్‌క్వెరీ లావాదేవీలు పరిశీలించి, 8 లక్షలకు పైగా నాణేలు, అంటే సుమారు 56 లక్షల డాలర్లు, రెండుసార్లు ఖర్చు చేశారని తేల్చింది. దాడికి అయిన ఖర్చు దాదాపు 1.92 లక్షల డాలర్లేనని లెక్కగట్టింది. కొద్ది రోజులకే రెండో దాడిలో 4,000కు పైగా, నెలాఖరున మూడో దాడిలో 7,000కు పైగా బ్లాకులు తారుమారయ్యాయి.

ఇంత తక్కువ ఖర్చుతో ఎలా అయింది? మైనింగ్ బలాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చే బజారు ఇంటర్నెట్‌లో ఉంది. ఇథీరియం, ఇథీరియం క్లాసిక్ రెండింటి మైనింగ్‌కూ అప్పట్లో దాదాపు ఒకే రకం యంత్రాలు పనికొచ్చేవి. పెద్ద నెట్‌వర్క్ కోసం ఉన్న యంత్రాల్లో కొద్ది భాగం అద్దెకు తీసుకున్నా, చిన్న నెట్‌వర్క్‌ని ముంచెత్తవచ్చు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్ అనే చిన్న నెట్‌వర్క్‌కీ ఇలాగే జరిగింది. అక్కడ 3.88 లక్షలకు పైగా నాణేలు, సుమారు 1.8 కోట్ల డాలర్ల విలువైనవి, పోయాయి. పేరులో బిట్‌కాయిన్ ఉన్నంత మాత్రాన బిట్‌కాయిన్‌కు ఉన్న కాపలా దానికి రాదు.

ఎవరు ఒప్పుకోకపోయినా లెక్క చెరపకూడదన్న పట్టుదలతో పుట్టిన గొలుసును, అద్దె యంత్రాలు తెచ్చిన ఎవరో ఒకే నెలలో మూడుసార్లు చెరిపి రాశారు. రాసింది నిలిచేది సిద్ధాంతం వల్ల కాదు, దానికి కాపలా కాసే బలం వల్ల.

ఈ దాడికీ ఒక హద్దు ఉంది. సగానికి మించి బలం ఉన్నా, తాళంచెవి లేకుండా వేరేవాళ్ల నాణేలు తీసుకోలేరు, నియమాన్ని మించి కొత్తవి పుట్టించలేరు. తాము ఈమధ్య చేసిన చెల్లింపులను వెనక్కి తిప్పుకోగలరు, ఇతరుల లావాదేవీలను కొంతకాలం ఆపగలరు. అందుకే ఎక్స్ఛేంజీలు చిన్న నెట్‌వర్క్‌ల విషయంలో చాలా బ్లాకులు గడిచేదాకా ఆగుతాయి. పెద్ద మొత్తాలకు బిట్‌కాయిన్‌లో ఆరు బ్లాకులు, అంటే దాదాపు గంట, ఆగడం చాలాకాలంగా ఆనవాయితీ. ఇథీరియం క్లాసిక్ కూడా 2020 అక్టోబర్‌లో, చాలా వెనక్కి వెళ్లి తిరగరాసే గొలుసును అనుమానించేలా మార్పు తెచ్చుకుంది. ఇక ఇథీరియం 2022 సెప్టెంబర్‌లో మైనింగ్‌నే వదిలేసింది. అక్కడ ఇప్పుడు నాణేలు డిపాజిట్ చేసినవారే లెక్క రాస్తారు. మోసం చేస్తూ దొరికితే ఆ డిపాజిట్‌లో కోత పడుతుంది.

తొక్కిసలాట: దొంగతనం లేకుండానే ఆగిపోవడం

కొన్ని దాడుల్లో పైసా పోదు, కానీ నెట్‌వర్క్ కదలదు. ఇథీరియంలో ప్రతి పనికీ ఒక రుసుము ఉంటుంది. 2016 సెప్టెంబర్‌లో ఒక దాడిదారు, కంప్యూటర్‌కు ఎక్కువ శ్రమ కలిగించే ఒక పనికి రుసుము చాలా తక్కువ పెట్టారని కనిపెట్టాడు. ఒక్కో బ్లాక్‌లో ఆ పనిని దాదాపు 50,000 సార్లు చేయించాడు. దాంతో కొన్ని బ్లాకులు సరిచూడడానికే 20 నుంచి 60 సెకన్లు పట్టింది. ఇథీరియం డెవలపర్లంతా షాంఘైలో సమావేశమైన రోజులవి. తర్వాత అదే తరహాలో కోట్ల సంఖ్యలో ఖాళీ ఖాతాలు సృష్టించి లెక్క పుస్తకాన్ని ఉబ్బించారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో రెండుసార్లు నియమాలు మార్చి, రుసుములు పెంచి, ఖాళీ ఖాతాలు ఊడ్చేసే ఏర్పాటు చేశాక గానీ పరిస్థితి కుదుటపడలేదు.

వేగానికి పేరున్న సొలానా 2021 సెప్టెంబర్ 14న దాదాపు 17 గంటలు నిలిచిపోయింది. ఒక కొత్త టోకెన్ అమ్మకం మొదలవగానే బాట్లు, అంటే మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాంలు, ఎగబడ్డాయి. ఒక దశలో సెకనుకు 4 లక్షల లావాదేవీలు వచ్చి పడ్డాయి. లెక్క రాసే కంప్యూటర్ల మెమరీ చాలలేదు, వాటి మధ్య ఏకాభిప్రాయం తెగిపోయింది. వాటిని నడిపేవారు మాట్లాడుకుని, ఒప్పుకుని, నెట్‌వర్క్‌ని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎవరి నాణేలూ పోలేదు. కానీ ఆ 17 గంటలు ధర పడిపోతుంటే అమ్ముకోవాలనుకున్నవారికి, అప్పు మీద నాణేలు తాకట్టు పెట్టినవారికి దారి లేదు. డబ్బు ఉండడం వేరు, అవసరానికి చేతికి రావడం వేరు.

తాళంచెవి పోతే

మొత్తాల లెక్కన చూస్తే అతి పెద్ద నష్టాల్లో చాలావరకు వచ్చింది ఇక్కడే. ఇందులో గొలుసు చెక్కుచెదరదు. దొంగ అసలు తాళంచెవితోనే తెరుస్తాడు కాబట్టి నెట్‌వర్క్ దాన్ని సరైన చెల్లింపుగానే రాస్తుంది.

ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకు సొమ్ము దాటించే ఏర్పాటును బ్రిడ్జి అంటారు. ఒక ఆన్‌లైన్ ఆట కోసం నడిచిన రోనిన్ బ్రిడ్జికి తొమ్మిది మంది సంతకందారులు. ఐదు సంతకాలు పడితే సొమ్ము కదులుతుంది. 2022 మార్చి 23న హ్యాకర్లు ఆ ఐదు తాళంచెవులూ సంపాదించి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల డాలర్ల నాణేలు తరలించారు. మొత్తం విలువ 60 కోట్ల డాలర్లకు పైనే. ఈ సంగతి ఆరు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఒక ఖాతాదారు తన సొమ్ము తీసుకోబోతే రాకపోవడంతో బయటపడింది. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ గ్రూపు పని అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది. తొమ్మిదిలో నాలుగు తాళంచెవులు ఒకే కంపెనీ చేతిలో ఉండడం పని సులువు చేసింది. పేరుకు తొమ్మిది తాళాలు, నిజానికి అన్ని లేవు.

మన దేశంలో 2024 జూలై 18న వజీర్ఎక్స్ ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. అది కూడా పలువురి సంతకాలు ఉంటేనే తెరుచుకునే వాలెట్. పోయింది ఎక్స్ఛేంజ్ నిల్వల్లో దాదాపు 45 శాతం. లక్షలాది ఖాతాదారుల క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి. వ్యవహారం సింగపూర్ హైకోర్టు దాకా వెళ్లింది. బిట్‌కాయిన్ కొన్నవాళ్ల బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌కి ఏమీ కాలేదు. కానీ వాళ్ల నాణేల తాళంచెవి వాళ్ల దగ్గర లేదు.

2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. సంతకం చేసినవారికి స్క్రీన్ మీద మామూలు బదిలీయే కనిపించింది. లోపల ఉన్నది వేరు. చదివిన కాగితం ఒకటి, దస్కతు పడిన కాగితం ఇంకొకటి అన్నమాట. ఇదీ ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని ఎఫ్‌బీఐ చెప్పింది.

నష్టం ఎవరిది?

- ప్రోగ్రాంలో తప్పు దొరికితే నష్టం అందరిదీ. అందరూ ఒప్పుకుంటే లెక్క వెనక్కి తిప్పవచ్చు. ఒప్పుకోకపోతే నెట్‌వర్క్ రెండుగా చీలుతుంది.
- 51 శాతం దాడిలో ముందు నష్టపోయేది సొమ్ము అందుకున్నవారు, ముఖ్యంగా ఎక్స్ఛేంజీలు. ఆ తర్వాత ధర పడి, నాణెం దాచుకున్నవారు.
- తొక్కిసలాటలో నష్టం అవసరంలో ఉన్నవారిది.
- తాళంచెవి పోతే నష్టం ఖాతాదారులది, ఎక్స్ఛేంజ్ తన సొంత డబ్బుతో పూడిస్తే తప్ప.

బ్యాంకు దివాలా తీస్తే మన దేశంలో ఒక్కో డిపాజిటర్‌కు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. క్రిప్టోకు అలాంటి హామీ లేదు. 2022 ఏప్రిల్ నుంచి లాభాల మీద ప్రభుత్వం 30 శాతం పన్ను తీసుకుంటోంది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీలు లేదు. పన్ను కడుతున్నాం కాబట్టి సర్కారు పూచీ ఉందనుకోవడం పొరపాటు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి, ఎఫ్‌ఐయూ-ఇండియాలో నమోదు కావాలి. అది కూడా సొమ్ముకు జామీను కాదు.

డబ్బు పెట్టమన్నవారిని అడగాల్సినవి

“హ్యాక్ చేయలేరు” అని ఎవరైనా అంటే నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఈ నాణెం ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, దానికి కాపలా బలం ఎంత, ఇంతకుముందు దాడి జరిగిందా? దాని ప్రోగ్రాంను బయటివారు పరీక్షించారా? నెట్‌వర్క్ ఎన్నిసార్లు ఆగిపోయింది? అన్నిటికన్నా ముఖ్యంగా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

తాళంచెవి ఎక్స్ఛేంజ్ దగ్గర ఉంటే అది వాళ్ల చేతిలో పెట్టిన అమానతు. వాళ్ల నిజాయితీ, జాగ్రత్త రెండూ కావాలి. సొంతంగా దాచుకుంటే 12 లేదా 24 మాటల వరుసే సర్వస్వం. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టకూడదు, ఎవరికీ చెప్పకూడదు. పోగొట్టుకుంటే తిరిగి ఇచ్చే ఆఫీసు లేదు. ఇంటి పెద్ద ఒక్కరికే తెలిసి, ఆయనకు ఏదైనా అయితే ఆ సొమ్ము వారసులకు అందదు.

చివరగా ఒక తేడా. నకిలీ యాప్‌లో డబ్బు వేసి మోసపోవడం, రోజుకు ఇంత లాభమని చెప్పే స్కీములో ఇరుక్కోవడం నెట్‌వర్క్ మీద దాడి కాదు, అది మామూలు మోసమే. అలా జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయాలి, లావాదేవీ వివరాలు, స్క్రీన్‌షాట్లు దాచి ఉంచాలి. మొదటి కొన్ని గంటల్లో బ్యాంకు దగ్గర ఆపగలిగిన సొమ్ము, క్రిప్టోగా మారి దేశం దాటాక తిరిగి రావడం చాలా కష్టం.